మంకెన విమానం మీద గీత

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మూడో హ్యాంగర్ తలుపులు తెరుచుకున్నాయి. ట్రాక్టరు లాగగా బయటికి వచ్చిన విమానం మీద ఎర్ర గీత ముక్కు దగ్గర కిందికి జారి ఉంది.

కుర్చీల్లో నూట ఇరవై మంది ఉన్నారు. సగం మంది రిటైరైన ఉద్యోగులు. మొదట చప్పట్లు వినిపించాయి. విమానం ఎండలోకి వచ్చి పక్కకు తిరిగాక ఒక్కో వరుసలో చప్పట్లు ఆగిపోయాయి. రెండో వరుసలో ఒక పాత ఇంజిన్ మెకానిక్ పక్కవాడి వైపు వంగాడు.

"ఏంట్రా ఇది? దీనికి జలుబు చేసినట్టుంది."

"నీ కళ్ళద్దాలు తుడుచుకో."

"తుడుచుకున్నా. ముక్కు ఇంకా కారుతూనే ఉంది."

చివరి వరుసలో, గోడ పక్క కుర్చీలో, అరవై నాలుగేళ్ళ మనిషి ఒకామె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెయింటు షాపులో ఆమెను దారమక్క అనేవారు. విమానం ఒంటి మీద గీత పడాలంటే ముందు చాక్‌పొడి పూసిన దారం లాగి కొట్టాలి, ఆ దారం ముప్పై ఏళ్ళ నాడు ఆమె చేతిలో ఉండేది. గీత ఇలా వస్తుందని అక్కడున్న వాళ్ళలో మూడు వారాల ముందే తెలిసింది ఇద్దరికే, ఆమెకు, ఆమె తమ్ముడికి. తమ్ముడు నాలుగో వరుసలో ఉన్నాడు. అతను విమానం వైపు చూడలేదు.

దారమక్క ఇరవై రెండేళ్ళకు పెయింటు షాపులో చేరింది. ఆ రోజుల్లో షాపులో ఎవరూ విమానాన్ని నంబరుతో పిలిచేవారు కాదు. ఊదా తోకది నేరేడు. పొట్ట దాకా ఆకుపచ్చ వేసింది చిలక. నారింజ, పసుపు పట్టీలతో వారానికి రెండుసార్లు వచ్చే పై దేశపు విమానం పెళ్ళికూతురు. "చిలక వచ్చిందా?" అని ఒకరు అడిగితే, "వచ్చింది, రెక్క గీరుకుంది" అని ఇంకొకరు చెప్పేవారు. గోడ అవతల ఇళ్ళలో పిల్లలు మేడలెక్కి కాచుకునేవారు. మబ్బులోంచి రంగు కనబడగానే ముందు పేరు అరిచినవాళ్ళు గెలిచినట్టు. అమ్మలు అన్నానికి పిలిస్తే, "నేరేడు దిగాక వస్తా" అనేవారు.

ఇప్పుడు అదే చోట పద్నాలుగు విమానాలు నిలబడితే పద్నాలుగూ తెలుపే. తోక మీద గుర్తు చూస్తే తప్ప ఏది ఎవరిదో తెలియదు. దారమక్క వాటిని పాలపాకెట్లు అంటుంది.

వాళ్ళ సొంత కంపెనీ విమానం పేరు మంకెన. ఎర్ర గీత ముక్కు దగ్గర సన్నగా మొదలై, కిటికీల కింద నుంచి వెనక్కి పోతూ వెడల్పై, తోక దగ్గర ఎరుపు, నారింజ, పసుపు మూడు పట్టీలుగా విడిపోయి పైకి లేచేది. ఆ బొమ్మ దారమక్క వేసింది. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట, భోజనాల గదిలో, స్టోర్సు వాళ్ళ ఫారం వెనక్కి తిప్పి, రంగు పెన్సిళ్ళతో వేసింది. అప్పటి పెయింటు షాపు మేనేజరు ఆ కాగితం చూసి, "సరే, ఇదే వేసెయ్యండి" అన్నాడు. జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలు పెట్టుకుని తిరిగేవాడు కాబట్టి ఆయన్ని స్కేలు సారు అనేవారు. ఆ స్కేలుతో ఆయన దేన్నైనా కొలవగా చూసినవాళ్ళు తక్కువ. పరంజా ఎక్కగా చూసినవాళ్ళు లేరు.

మంకెన మీద గీత వెయ్యడంలో ఒక చిక్కు ఉంది. విమానం నడుము గొట్టంలా ఉంటుంది, అక్కడ గీత తిన్నగా వేస్తే తిన్నగానే కనబడుతుంది. ముందు తలుపు దాటాక ఒళ్ళు లోపలికి, కిందికి తిరుగుతుంది. అక్కడ కూడా అదే ఎత్తులో గీత వేస్తే కింద నిలబడి చూసేవాళ్ళకు అది జారిపోయినట్టు కనిపిస్తుంది. అందుకని ముందు తలుపు నుంచి గీతను కొద్దికొద్దిగా పైకి ఎత్తుకుంటూ పోవాలి. ఎంత ఎత్తాలి అన్నదానికి లెక్క లేదు. దారమక్క విమానానికి నలభై అడుగుల దూరంలో నిలబడేది. తమ్ముడు పరంజా మీద టేపు పట్టుకునేవాడు. "ఎత్తు. ఇంకాస్త. ఆపు. వేలెడు దించు." కుడివైపుకు ఒక పూట, ఎడమవైపుకు ఒక పూట పట్టింది. అలా ఎత్తిన గీత నేల మీంచి చూసినా, ఫోటోలో చూసినా దారం లాగినట్టు తిన్నగా ఉండేది. అందువల్ల అది తిన్నగానే ఉందని అందరూ అనుకున్నారు. స్కేలు సారు కూడా అనుకున్నాడు.

మంకెన ఎగిరిన రెండు నెలలకు ఒక విమానాల పత్రిక దానికి బహుమతి ఇచ్చింది. పత్రికలో స్కేలు సారు ఫోటో, ఆయన సంతకంతో డ్రాయింగ్ వచ్చాయి. దారమక్క ఆ పత్రిక పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళింది.

"ఇది నేను వేసింది కదా సార్" అంది.

"నువ్వు రంగులు నింపావమ్మా. డిజైను అంటే వేరు."

మరుసటి సోమవారం ఆమెను విమానాల నుంచి తీసేసి, మెట్లబండ్లకు, సామాను బండ్లకు నంబర్లు వేసే రేకుల షెడ్డుకు పంపారు. అక్కడే ఇరవై మూడేళ్ళు పనిచేసి రిటైరైంది. ఆ తర్వాత మంకెనకు ఎప్పుడు కొత్త రంగు వేసినా, షాపు వాళ్ళు పాత గీత అంచు పట్టుకుని దాని మీదే వేసుకున్నారు. పదకొండేళ్ళ కిందట కంపెనీ తెలుపులోకి మారింది. పాత రంగంతా గీకేశారు, అంచు కూడా పోయింది.

ఈ ఏడాది కంపెనీకి యాభై ఏళ్ళు. ఒక విమానానికి మళ్ళీ మంకెన రంగులు వేస్తామని జనవరిలో ప్రకటించారు. ఆహ్వానం మీద "మంకెన రూపకర్త" అని స్కేలు సారు పేరు వేశారు. ఆయనకు ఇప్పుడు డెబ్బై రెండు. పెయింటు షాపు పెద్ద ఇప్పుడు దారమక్క మేనకోడలు, తమ్ముడి కూతురు. వయసు ముప్పై నాలుగు. షాపు పెద్ద హోదాలో ఆమెకు ఇదే మొదటి విమానం.

వేడుకకు ఇంకా నాలుగు వారాలుందనగా ఒక ఆదివారం మేనకోడలు డ్రాయింగ్ చుట్టి చంకలో పెట్టుకుని వచ్చింది. వంటింటి బల్ల మీద గిన్నెలు పక్కకు జరిపి కాగితం పరిచింది. నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టింది.

"అత్తా, నీ చేతుల మీద పుట్టిన విమానం ఇది. ఒకసారి చూసి చెప్పు."

దారమక్క కళ్ళద్దాలు పెట్టుకుని వంగింది. గీత తోక నుంచి పైలట్ అద్దం కింది మూల దాకా స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. కింద సంతకం, తేదీ. ఆ తేదీకి మంకెన ఎగరడం మొదలుపెట్టి ఆరు వారాలు. దారమక్క చాలాసేపు చూసింది.

"బావుంది" అంది.

"బావుందంటే? ఇలాగే వేసెయ్యనా?"

"ఎవరు గీసింది ఇది?"

"స్కేలు సారేగా."

"మరి నన్నడుగుతావేం? గీసినాయన నిక్షేపంలా ఉన్నాడుగా."

"ఆయనంటే నీకు మంటని మనింట్లో పిల్లికి కూడా తెలుసు. నా మొహం చూసి చెప్పత్తా. నా మొదటి విమానం ఇది."

"అందుకే చెబుతున్నా. ఆయన చేత ఒక కాగితం రాయించుకో. డ్రాయింగ్ నుంచి వెంట్రుకవాసి కూడా పక్కకు పోకూడదని. కింద సంతకం పెట్టించు."

"ఎందుకు?"

"రేపు మాట మారిస్తే నీ దగ్గర కాగితం ఉంటుంది. నా దగ్గర లేకపోయింది."

మేనకోడలు అత్త మొహంలోకి చూసింది. డ్రాయింగ్ చుట్టుకుని వెళ్ళిపోయింది.

స్కేలు సారు కాగితం నవ్వుతూ రాసిచ్చాడు. "మీ అత్త కూడా నేను గీసినట్టే వేసేది, అందుకే అంత బాగా వచ్చింది" అని కూడా అన్నాడు. మేనకోడలు ఆ మాట ఫోనులో చెప్పింది. దారమక్క "అలాగా" అని పెట్టేసింది.

నాలుగు రోజుల తర్వాత తమ్ముడు వచ్చాడు. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, లేజరు పెట్టి వేస్తున్నారట. తోక నుంచి ముక్కు దాకా ఒకే ఎత్తు."

"వెయ్యనీ."

"మనం అలా వెయ్యలేదు కదా. నువ్వు కింద నిలబడి ఎత్తు, ఎత్తు అని గొంతు చించుకునేదానివి."

"ఎంత ఎత్తావో నీ కూతురికి చెప్పు మరి."

"నాకేం తెలుసు? ఎత్తమంటే ఎత్తా, ఆపమంటే ఆపా. పైనున్నవాడికి రేకు తప్ప ఏం కనబడుతుంది?"

"అయితే వెళ్ళి ఆ ముక్కే చెప్పు."

"చెప్పా. కుర్రది నమ్మట్లేదు. ఫోటో చూపించి, ఇదిగో నాన్నా తిన్నగానే ఉందిగా అంటోంది. నువ్వు చెబితే నమ్ముతుంది. నువ్వేదో కడుపులో పెట్టుకున్నావు. ఇది ఆయన్ని దాటి పిల్ల నెత్తికి చుట్టుకుంటుంది."

"పిల్ల దగ్గర కాగితం ఉంది."

"కాగితం ఆయన్ని పట్టిస్తుంది. విమానాన్ని బాగు చెయ్యదు."

దారమక్క కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

"ఆ రోజు ఆయన గదిలో నిలబడి అడిగాను" అంది. "తలుపు తీసే ఉంది. బయట తొమ్మిది మంది ఉన్నారు. నువ్వున్నావు. నీ చేతిలో టేపు చుట్ట ఉంది. ఏమన్నావు నువ్వు?"

"అప్పటికి ఉద్యోగం ఖాయం కాలేదక్కా. పెళ్ళాం రెండోసారి నెల తప్పింది..."

"ఏమన్నావు అని అడుగుతున్నా."

"ఏమీ అనలేదు."

"ఇప్పుడూ అదే చెయ్యి."

అతను అదే చేశాడు.

విమానం బయటికి వచ్చినప్పుడు స్కేలు సారు మైకు ముందు ఉన్నాడు. విమానానికి వీపు పెట్టి, మంకెన తన మనసులో ఎలా పుట్టిందో చెబుతున్నాడు. సూర్యోదయం చూశానన్న మాట దగ్గరికి వచ్చేసరికి చప్పట్లు ఆగడం గమనించి వెనక్కి తిరిగాడు. గీత చూశాడు. మళ్ళీ మైకు వైపు తిరిగాడు.

"పెయింటు షాపు వాళ్ళు గీత సరిగ్గా వెయ్యలేదు" అన్నాడు.

మేనకోడలు రెక్క కింద పదకొండు మంది పనివాళ్ళతో నిలబడి ఉంది. పని దుస్తుల పైజేబులోంచి రెండు కాగితాలు తీసింది. నడిచి వెళ్ళి కంపెనీ డైరెక్టరు చేతిలో పెట్టింది. డైరెక్టరుకు నలభై ఏళ్ళుంటాయి. ఆవిడ రెండూ చదివి మైకు దగ్గరికి వచ్చింది.

"డ్రాయింగ్ నుంచి వెంట్రుకవాసి కదలకూడదని మీరే రాసిచ్చారు సార్. ఇది లేజరు కొలత. తోక నుంచి ముక్కు దాకా తేడా రెండు మిల్లీమీటర్లు. వీళ్ళు మీరు చెప్పినట్టే వేశారు."

"అప్పటి విమానం ముక్కు వేరు" అన్నాడు స్కేలు సారు.

పాత మెకానిక్ లేచి నిలబడ్డాడు. "అదే మోడలు సారూ. ఇంజిన్లు మారాయి, ముక్కు మారలేదు. నలభై ఏళ్ళు దాని కిందే పడుకున్నా, నాకు తెలియదా?"

నవ్వులు లేచాయి. ఎవరో "దారమక్కనడగండి" అని అరిచారు. ఇంకొందరు అందుకున్నారు. మొహాలన్నీ చివరి వరుస వైపు తిరిగాయి. వాటిలో ఆ రోజు తలుపు బయట ఉన్న తొమ్మిది మందిలో ఆరుగురి మొహాలు ఉన్నాయి. దారమక్క ఒక్కొక్కటే చూసింది. తర్వాత లేచింది.

"గీసింది సారు కదా" అంది. "సారునే చెప్పమనండి. పాత ఫోటోల్లో గీత ఎందుకు తిన్నగా ఉంది?"

స్కేలు సారు జేబు తడుముకున్నాడు. చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది.

"అక్కడ ఎలా వేశారో నాకు తెలియదు. వేసింది ఆవిడ."

"డ్రాయింగ్ ఎప్పుడు గీశారు సార్?" అని అడిగింది దారమక్క.

"అది తర్వాత."

"ఎప్పటి తర్వాత?"

"విమానం బయటికి వచ్చాక."

"దేన్ని చూసి గీశారు?"

స్కేలు సారు మైకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. మైకు పనిచేస్తూనే ఉంది. "విమానాన్ని చూసి" అన్న మాట అందరికీ వినబడింది. "బొమ్మ, రంగులు ఆవిడవే. నేను కాగితం మీద పెట్టాను." అప్పటికి టైము పది నలభై ఒకటి. ఆయన వేదిక దిగి కారు దగ్గరికి వెళ్ళాడు. ఆయన వెంట ఎవరూ వెళ్ళలేదు.

డైరెక్టరు కుర్చీల మధ్యలోంచి చివరి వరుస దాకా వచ్చింది. దారమక్క చేతులు పట్టుకుంది.

"చిన్నప్పుడు మా మేడ ఇక్కడ గోడ అవతలే అమ్మా. మా అన్నకంటే ముందు మంకెన అని అరిచేదాన్ని. దీనికి మళ్ళీ ఆ రంగులు నేనే పట్టుబట్టి వేయించాను. సరిచేద్దాం. నాలుగు రోజులు విమానం ఆపేస్తాను. మీ పేరు రాయిస్తాను. ముక్కు దగ్గర ఎంత ఎత్తాలో చెప్పండి."

"ఆపకండి" అంది దారమక్క. "ఎగరనివ్వండి."

"ఎంత ఎత్తాలి?"

"గుర్తు లేదు."

నాలుగో వరుసలో తమ్ముడు తల వంచుకున్నాడు. మేనకోడలు నాన్న వైపు చూసింది, తర్వాత అత్త వైపు చూసింది.

విమానం ఆ సాయంత్రం నాలుగు నలభైకి రెండు వందల మంది ప్రయాణికులతో బయలుదేరింది. దిగే ముందే ఫోటోలు ఫోన్లలో తిరిగాయి. మూడో రోజుకు దానికి జలుబు విమానం అని పేరు స్థిరపడింది. ఎవరో దాని ముక్కు కింద రుమాలు బొమ్మ అతికించి పంపారు, దాన్ని మంకెన పాత ఫోటోలన్నిటికంటే ఎక్కువ మంది చూశారు. కంపెనీ గోడ మీద పలకలో స్కేలు సారు పేరు తీసి దారమక్క పేరు చెక్కించారు. ఫోటో దిగడానికి రమ్మని ఉత్తరం రాశారు. ఆమె జవాబివ్వలేదు.

విమానం నేల మీద ఉండే రెండు ఆదివారాలు మేనకోడలు టేపు పట్టుకుని ప్రయత్నించింది. మూడు వేళ్ళు ఎత్తితే ఎడమవైపు కుదిరింది, కుడివైపు కుదరలేదు. ఐదు వేళ్ళు ఎత్తితే విమానం ఇకిలిస్తున్నట్టు కనబడింది. తండ్రిని పరంజా ఎక్కించింది. ఆయన టేపు పట్టుకుని, "చెప్పమ్మా, ఎత్తనా, ఆపనా?" అని అడిగాడు. ఆమె ఏం చెప్పాలో తెలియక కింద నిలబడింది.

రెండో ఆదివారం మధ్యాహ్నం అటు నుంచి అటే అత్త ఇంటికి వచ్చింది. చేతికి చాక్‌పొడి అలాగే ఉంది. దారమక్క ఆరిన బట్టలు మంచం మీద వేసుకుని మడతపెడుతోంది.

"ఒక్కసారి వచ్చి నిలబడత్తా. నోటితో చెప్పక్కర్లేదు. చెయ్యి ఊపు చాలు."

"రాను."

"గుర్తు లేదని నాతో కూడా అంటావా?"

"నీతో అనను. గుర్తుంది."

మేనకోడలు మంచం అంచున కూర్చుంది. "ఆయన ఒప్పుకున్నాడుగా. అంతమంది ముందు పరువు పోయింది. పలక మీద నీ పేరుంది. ఇంకా ఏం కావాలి నీకు?"

"ఇరవై మూడేళ్ళు మెట్లబండ్లకు నంబర్లు వేశా. షాపు నుంచి షెడ్డుకు రెండు నిమిషాల నడక. అక్కా, గీత ఒకసారి వచ్చి చూడు అని ఒక్కడు రాలేదు. నేను వేసిన అంచు మీదే వేసుకున్నారు, నన్ను తప్ప. ఇప్పుడు అంచు లేదు కాబట్టి నేను కావాల్సొచ్చా."

"వాళ్ళు అలా చేశారు. నేను చెయ్యలేదు."

"నువ్వు చెయ్యలేదు."

"షాపులో నా వెనక ముక్కు తుడుచుకుంటున్నారు తెలుసా? నేను తిరిగి చూస్తే రుమాలు జేబులో పెట్టుకుంటున్నారు. నా మొదటి విమానం అని చెప్పా నీకు."

దారమక్క దిండు గలీబు రెండు మూలలూ కలిపి మడతపెట్టింది. "టీ తాగుతావా?" అంది.

మేనకోడలు లేచింది. "నీకంటే స్కేలు సారే నయం. ఆయన తెలియక చెప్పలేదు" అంది. తలుపు వెయ్యకుండా వెళ్ళింది.

తర్వాతి వారం కంపెనీ ఆ విమానాన్ని తెలుపులోకి మార్చాలని నిర్ణయించింది. డైరెక్టరు సంతకం పెట్టింది. ఆ పని కూడా మేనకోడలికే అప్పజెప్పారు.

పంతొమ్మిదో తేదీ ఉదయం ఏడింటికి విమానాన్ని మూడో హ్యాంగర్‌లోకి తీసుకున్నారు. ఎనిమిదింటికి రంగు ఊడగొట్టే మందు ముక్కు నుంచి పుయ్యడం మొదలుపెట్టారు. తొమ్మిది గంటల పది నిమిషాలకు దారమక్క ఉత్తరం వైపు గేటు ముందు బస్సు దిగింది. కాపలాదారు రిజిస్టరు ముందుకు జరిపాడు. ఆమె తన పేరు రాసింది, వచ్చిన టైము రాసింది. ఎవరిని కలవాలి అన్న గడి దగ్గర పెన్ను ఆపింది.

"ఎవరి కోసమమ్మా? లోపలికి ఫోను చెయ్యనా?"

"వద్దు. కాసేపు కూర్చుంటా."

గేటు పక్క బల్ల మీద కూర్చుంది. హ్యాంగర్ తలుపులు మూసి ఉన్నాయి. మేనకోడలికి ఆమె వచ్చినట్టు ఎవరూ చెప్పలేదు. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా ఉంది. వెళ్ళిన టైము తొమ్మిది ముప్పై ఐదు.